తొమ్మిది శాంపిళ్లలో ఏది?

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదిలో సూది గుచ్చుకుని ఉంటే చేతకానితనం అనేవారు. ఉద్యోగంలో ముప్పై ఒకటో ఏట నా చేతిలోని సూది నా వేలికే గుచ్చుకుంది. దాన్ని ఏమనాలో నా తోటివాళ్లకు తెలియలేదు. నాకు తెలుసు. ధీమా.

నేను ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరయ్యాను. చాలాకాలం ల్యాబ్ లోపలే ఉన్నాను. చివరి ఆరేడేళ్లు ఇళ్లకు వెళ్లి రక్తం తీసే పని చేశాను. పొద్దున ఆరింటికి నిజాంపేటలో స్కూటీ తీస్తే మాదాపూర్, కొండాపూర్, చందానగర్ తిరిగి పది, పదిన్నరకు ముగించేదాన్ని. నేను రక్తం తీసేవాళ్లలో ఎక్కువమంది సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు. ఏడాదికోసారి కంపెనీ చేయించే హెల్త్ చెకప్ కోసం పరగడుపున నా కోసం ఎదురుచూస్తుండేవాళ్లు. ఎదురుచూడటం అంటే, మూడుసార్లు బెల్లు కొడితే కళ్లు మూసుకునే వచ్చి తలుపు తీయడం.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లల కోసం రాస్తున్నాను కాబట్టి మీకు తెలిసిన సంగతే ఒకటి మళ్లీ చెప్తాను. రక్తం తీశాక సూదికి తిరిగి మూత పెట్టకూడదు. సూదుల కోసం ఇచ్చిన గట్టి డబ్బాలో నేరుగా పడేయాలి. ఎన్నో బ్యాచ్‌లకు ఈ మాట నేనే చెప్పాను. బోర్డు మీద ఎర్ర అక్షరాలతో రాసి, కింద రెండు గీతలు కూడా గీసేదాన్ని.

ఆ రోజు మూడో ఇల్లు మాదాపూర్‌లో. ముగ్గురు కుర్రాళ్లు కలిసి అద్దెకుంటున్న ఫ్లాటు. హాలంతా ఆరేసిన బట్టలు, ఛార్జర్ల వైర్లు. బల్ల మీద రెండు లాప్‌టాప్‌లు, పిజ్జా పెట్టెలు ఉంటే నా డబ్బా పెట్టుకోవడానికి జాగా లేక దాన్ని బ్యాగులోనే కింద ఉంచేశాను. నేను రక్తం తీయాల్సిన అబ్బాయికి ఇరవై ఎనిమిది, ముప్పై ఏళ్ల మధ్య ఉంటాయి. మాట తీరు చూస్తే తెలంగాణ జిల్లాల నుంచి వచ్చినవాడు. మర్యాదస్తుడు. "మీరు కూసోండ్రి మేడమ్, నేను నిలబడ్త" అన్నాడు. నేను నవ్వి, నిలబడితే కళ్లు తిరుగుతాయని కూర్చోబెట్టాను.

రెండు ట్యూబులు నిండాయి. సూది బయటకు తీసి, దూది పెట్టి నొక్కుకోమన్నాను. సరిగ్గా అప్పుడే లోపలి గదిలోంచి అతని స్నేహితుడు ఏదో వెతుక్కుంటూ మా మధ్య నుంచి దూసుకొచ్చాడు. అతనికి తగులుతుందేమోనని ఒక్క క్షణం మూత పెట్టి పక్కన ఉంచుదామనుకున్నాను. మూత జారింది. గ్లవ్‌లోంచి ఎడమ చేతి చూపుడు వేలికి చురుక్కుమని తగిలింది.

గ్లవ్ తీసేసరికి రక్తం చుక్క కనిపించింది. వేలిని గట్టిగా పిండాను. స్పిరిట్ దూదితో రుద్దాను. చిన్న ప్లాస్టర్ అంటించి కొత్త గ్లవ్ తొడుక్కున్నాను. వేలిని పిండొద్దు, మందుతో రుద్దొద్దు, సబ్బూ పారే నీళ్లతో కడుక్కోవాలి అని ఎంతోమందికి నేర్పినదాన్ని. చేయకూడదన్న రెండూ చేశాను, చేయాల్సిన ఒక్కటీ చేయలేదు.

"మేడమ్, మీకు..." అన్నాడతను.

"ఏం లేదు బాబూ. అయిపోయింది, ఇక టిఫిన్ చేసేయండి" అని బ్యాగు సర్దుకుని వచ్చేశాను. అతను తలుపు దగ్గరే నిలబడి నా చేతి వైపే చూస్తుండటం గమనించాను. సిగ్గేసింది. ఇంత అనుభవం ఉండి ఒక కుర్రాడి ముందు వేలికి గుచ్చుకున్నానే అన్న సిగ్గు తప్ప అప్పటికి ఇంకో ఆలోచన లేదు.

ఆ తర్వాత ఆరు ఇళ్లకు వెళ్లాను. దారిలో ఫోన్ మోగుతూనే ఉంది. బండి మీద ఉన్నప్పుడు ఎత్తను. ఇళ్లల్లో సైలెంట్‌లో పెడతాను. చందానగర్‌లో తొమ్మిదో ఇల్లు ముగించి కిందికి వచ్చి చూస్తే ఒకే నంబరు నుంచి పదకొండు కాల్స్ ఉన్నాయి. పొద్దున మాదాపూర్ ఫ్లాటు గేటు దగ్గర నుంచి నేను ఫోన్ చేసిన నంబరే. రక్తం తీసినచోట కమిలిందని ఫిర్యాదు చేస్తాడేమో అనుకుంటూ ఫోన్ చేశాను.

"మేడమ్, ఎక్కడున్నరు?"

"చందానగర్ మార్కెట్ దగ్గరండి. ఏమైంది?"

"ఆడనే ఉండుండ్రి. నేనొస్తున్న. ఫోన్‌ల చెప్పేది గాదు."

అరగంటలోపే బైక్ ట్యాక్సీ దిగి పరుగులాంటి నడకతో వచ్చాడు. కూరగాయల బళ్ల మధ్య, ఒక టిఫిన్ సెంటర్ పక్కన నిలబడ్డాం. ఒకతను టమాటాల ధర అరుస్తున్నాడు.

"పొద్దుగాల మీకు సూది గుచ్చుకుంది. నేను చూసిన."

"చిన్నదేలే బాబూ."

"చిన్నది గాదు మేడమ్." గొంతు తగ్గించాడు. "నాకు హెచ్ఐవీ ఉంది."

ఆ క్షణం నేను చేసిన పని ఇప్పటికీ నాకు నచ్చదు. పెద్దగా అరిచాను. "ముందే చెప్పొద్దా!" టమాటాలతను అరవడం ఆపి మా వైపు చూశాడు. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు ఆగారు. ఆ అబ్బాయి ముఖం తెల్లబోయింది. పారిపోతాడనే అనుకున్నాను. పారిపోలేదు.

"మీరు తిట్టుండ్రి మేడమ్, పర్వాలేదు. గని టైం లేదు. ఎంత జల్ది మందు వేసుకుంటే అంత మంచిది. మూడు రోజుల లోపల వేసుకోవాలంటరు, గని మొదటి గంటలే ముఖ్యం. నేను మందులు తెచ్చుకునే సెంటర్ ఎరుకే. పోదాం పాండ్రి."

అవన్నీ నాకు తెలిసిన మాటలే. పరీక్షలో అడిగితే నూటికి నూరు మార్కులు వచ్చేవి. కానీ ఆ బజారులో నిలబడి అతను చెప్తుంటే, ఎవరో వేరే భాషలో మాట్లాడుతున్నట్టు అనిపించింది.

శాంపిళ్లు తీసుకెళ్లే మా రైడర్ అక్కడికే వస్తాడు. తొమ్మిది మంది ట్యూబులూ అతనికి అప్పజెప్పి, స్కూటీ టిఫిన్ సెంటర్ ముందు పెట్టి, ఆ అబ్బాయితో ఆటో ఎక్కాను.

ఆటోలో అతను తన ఫోన్‌లో ఒక రిపోర్టు తీసి నాకు చూపించాడు. వైరల్ లోడ్ రిపోర్టు. రక్తంలో వైరస్ కనిపించడం లేదని రాసి ఉంది. అలాంటి కాగితాలు మా ల్యాబ్‌లో నా చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో. మందులు క్రమంగా వేసుకునేవాళ్ల రక్తంలో వైరస్ పరీక్షకు అందనంత తక్కువకు పడిపోతుంది. అప్పుడు వాళ్ల నుంచి భార్యకైనా భర్తకైనా సంక్రమించదు. నేనిది చదువుకున్నాను, నమ్మాను. అయినా ఆ కాగితం మీద తేదీ ఎప్పటిదో రెండుసార్లు చూశాను.

"మూడేండ్లయింది మేడమ్. ఆఫీసుల రక్తదానం చేసిన. తర్వాత వాళ్లే ఫోన్ చేసి పిలిచిన్రు. అప్పుడే తెలిసింది. ఇంట్ల మా అక్కకు ఒక్కదానికే ఎరుక. రూమ్ల దోస్తులకు తెల్వదు. విటమిన్ గోలీల డబ్బాల పెట్టుకుంట." ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. "మీరు పోయినంక బాత్రూంల పది నిమిషాలు నిలబడ్డ. చెప్పకపోతే నాకేం గాదు. నా ఉద్యోగం నాకుంటది. గని మీరు టైం పోగొట్టుకుంటరు. అందుకే ఫోన్ చేస్తనే ఉన్న."

అప్పుడు తెలివొచ్చింది నాకు. అతని చెకప్ లిస్టులో ఉన్నవి షుగరు, కొలెస్ట్రాలు, థైరాయిడ్. హెచ్ఐవీ సంగతి నాకు చెప్పాల్సిన అవసరం అతనికి ఏ కోశానా లేదు. చేతికి అందే ప్రతి రక్తాన్నీ ఒకేలా, జాగ్రత్తగా చూడటం నా పని. తనకుందని తెలియనివాళ్ల రక్తం కూడా ఈ వేళ్లతోనే తీశాను కదా ఇన్నేళ్లూ.

"బాబూ, ఇందాక బజార్లో అరిచాను. తప్పు నాది. సూదికి మూత పెట్టింది నేను."

"గట్లనకుండ్రి మేడమ్" అని కిటికీ లేని ఆటోలోంచి బయటకు చూస్తూ కూర్చున్నాడు. కళ్లు తుడుచుకోవడం నేను చూడనట్టే ఉన్నాను.

ప్రభుత్వ దవాఖానలోని ఆ సెంటర్‌లో అతను మాస్కు పెట్టుకుని ముందు నడిచాడు. అక్కడి నర్సు అతన్ని గుర్తుపట్టి, "ఏంది, నీ తారీఖు ఇంక రాలేదు గదా?" అంది. "నాకు గాదు సిస్టర్, ఈ మేడమ్‌కు" అన్నాడు. డాక్టరు చిన్నవాడే. సంగతి వినగానే ప్రశ్నలు పక్కన పెట్టి, "మొదటి మాత్ర ఇప్పుడే వేసుకోండమ్మా. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం" అన్నాడు. గోడ గడియారం చూశాను. సూది గుచ్చుకుని నాలుగు గంటలు దాటింది. ఆ పదకొండు కాల్స్ రాకపోయి ఉంటే రోజంతా, వారమంతా దాటిపోయేది. నేనంతట నేను వెళ్లేదాన్ని కాదు. ఆ మాట ఒప్పుకోవాలి.

తర్వాత నా అంగీకారం తీసుకుని రక్తం తీశారు. ఆ రోజు పరీక్ష పాత సంగతి మాత్రమే చెప్తుంది. ఆ రోజు ఏమైనా సోకి ఉంటే అది పరీక్షకు దొరకడానికి వారాలు పడుతుంది. అందుకని ఆరు వారాలప్పుడు ఒకసారి, మూడు నెలలప్పుడు ఒకసారి మళ్లీ రావాలి. మాత్ర రోజుకొకటి, ఇరవై ఎనిమిది రోజులు, ఒక్క పూట కూడా తప్పకుండా. కాల్షియం మాత్రలు వేసుకుంటానంటే రెండింటికీ మధ్య ఎడం ఉంచమన్నాడు. మూత్రపిండాల పరీక్ష రాశాడు. కామెర్ల టీకా వేయించుకున్నానా అని అడిగాడు. అదొక్కటే నేను సరిగ్గా చేసిన పని.

కౌన్సెలర్ ఒక చిన్న పిల్ల. మా అమ్మాయి కంటే చిన్నది. ఆమె ముందు కూర్చుని, జవాబులన్నీ తెలిసిన ప్రశ్నలే అడిగాను.

"వంట చేయొచ్చా అమ్మా?"

"చేయొచ్చండి. వంట వల్ల రాదు."

"మా మనవరాలికి అన్నం కలిపి పెడతాను. ముద్దు పెట్టుకుంటాను."

"పెట్టండి, పెట్టుకోండి. తాకితే రాదు, ఒకే కంచంలో తింటే రాదు, దోమ కుడితే రాదు. రక్తం ద్వారా, కండోమ్ లేని కలయిక ద్వారా, తల్లి నుంచి బిడ్డకు, ఇలాగే వస్తుందండి. మీకు గుచ్చుకున్నట్టు వెయ్యి మందికి గుచ్చుకుంటే, మందులేమీ వాడకపోయినా ఇద్దరు ముగ్గురికి రావచ్చంటారు. అతను మందులు బాగా వాడుతున్నారు. మీరు కూడా మొదలుపెట్టారు. భయపడాల్సింది చాలా తక్కువండి."

ఈ మాటలే నేను ఎందరికో చెప్పాను. చెప్పేటప్పుడు ఎదుటివాళ్లు వింటున్నారనుకునేదాన్ని. వాళ్లు వినేది 'వెయ్యిలో ముగ్గురు' అన్న మాటలోని ఆ ముగ్గురినేనని బల్లకు ఇవతలి వైపు కూర్చున్నాకే తెలిసింది.

ఆఖర్న ఆ పిల్ల గొంతు సవరించుకుని, మూడు నెలలపాటు రక్తదానం చేయొద్దని, మా ఆయనా నేనూ కండోమ్ వాడాలని చెప్పి, ఒక పొట్లం నా చేతిలో పెట్టింది. నాకు యాభై ఆరేళ్లు. ఆయనకు అరవై రెండు. ఇద్దరం తల దించుకుని బల్ల వైపు చూశాం, ఆ పిల్లా నేనూ.

బయటకు వచ్చాక మా ఏరియా మేనేజర్‌కు ఫోన్ చేశాను. పొద్దున పనిలో సూది గుచ్చుకుందని, మందు మొదలుపెట్టానని చెప్పాను. ఏ ఇంట్లోనో, ఎన్నింటికో చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో అప్పటికి నాకే స్పష్టంగా తెలియదు. ఆ అబ్బాయి పక్కనే నిలబడి నా ముఖంలోకి చూస్తున్నాడు, అంతే.

మా ఆయన ఓ ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు. సాయంత్రం టీ తాగాక అంతా చెప్పాను, అబ్బాయి ఎవరన్నది తప్ప. ఆయన రెండు కప్పులూ కడిగి బోర్లించారు. తర్వాత, "అతను ముందే చెప్పి ఉండాల్సింది" అన్నారు. నేను బజారులో అరిచిన మాటే.

"చెప్పక్కర్లేదండీ. చెప్పకపోయినా అడిగేవాడు లేడు. అయినా వెతుక్కుంటూ వచ్చి చెప్పాడు."

ఆయన ఒప్పుకోలేదు. లేచి వెళ్లి బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోసి వచ్చారు. వచ్చేసరికి ఆ పొట్లం బల్ల మీద పెట్టి ఉంచాను. కళ్లజోడు పెట్టుకుని దాని మీద రాసింది మొత్తం చదివారు.

"మనల్ని చూసే ఇచ్చారా దీన్ని?"

"మిమ్మల్ని చూడలేదుగా. నన్ను చూసి ఇచ్చారు."

ఆ రోజు మేమిద్దరం నవ్వింది అప్పుడే. ఆ తర్వాత ఇరవై ఎనిమిది రోజులూ, రాత్రి భోజనం కాగానే ఒక చేత్తో మాత్ర, ఒక చేత్తో నీళ్లగ్లాసు పట్టుకుని నా ముందు నిలబడేవారు. మింగేదాకా కదిలేవారు కాదు. మాత్రల వల్ల మొదట్లో వికారంగా ఉండేది, పిచ్చి కలలు వచ్చేవి. ఆదివారం చర్చిలో అందరూ తమ ఇబ్బందులు చెప్పి ప్రార్థన చేయమని అడుగుతారు. నేను మోకాళ్ల నొప్పి అని చెప్పాను.

సూది గుచ్చుకున్న మూడో రోజు మా మేనేజర్ మాదాపూర్ ఆఫీసుకు రమ్మన్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయి, చురుకైనవాడు. చెడ్డవాడు కాదు. కానీ ఆ ఏడాది పెద్ద పెద్ద కంపెనీల హెల్త్ చెకప్‌లు మా ల్యాబ్‌కు రావడం అతని చలవే, అవి పోతాయేమోనన్న భయం అతని కళ్లల్లో ఎప్పుడూ ఉండేది. అద్దాల గదిలో కూర్చోబెట్టి ఒక ఫారం ముందు పెట్టాడు. అందులో ఒక గడి: ఎవరి శాంపిల్ తీస్తుండగా ప్రమాదం జరిగింది?

"ఆ రోజు తొమ్మిది శాంపిల్స్ మేడమ్. ఏదో చెప్పండి."

"ఏదైతే ఏం సార్? నాకు కావాల్సిన మందు నేను వేసుకుంటున్నాను. డాక్టరుకు చెప్పాల్సింది డాక్టరుకు చెప్పాను."

"అలా కాదు మేడమ్. పాజిటివ్ అయితే మన సిస్టమ్‌లో మార్క్ చేసుకోవాలి. రేపు ఇంకో టెక్నీషియన్ వెళ్తుంది కదా. వాళ్ల కంపెనీకి కూడా ఒక మాట చెప్పడం మన బాధ్యత."

ఒక్క మాట చాలు. మొదట 'ఒక మాట' అంటారు. తర్వాత క్యాబ్‌లో ఎవరూ అతని పక్కన కూర్చోరు. తర్వాత ప్రాజెక్టు నుంచి తీసేస్తారు. నా కోసం పదకొండుసార్లు ఫోన్ చేసినందుకు అతనికి దక్కేది అదీ.

"చెప్పను సార్."

"ఎందుకు మేడమ్ మొండితనం? సరే, మీరు చెప్పకపోతే తొమ్మిది ట్యూబులూ ఇంకా ఫ్రిజ్‌లోనే ఉన్నాయి. తొమ్మిదింటికీ హెచ్ఐవీ టెస్ట్ వేయిస్తాను. సాయంత్రానికి తెలిసిపోతుంది."

నేను లేచి నిలబడ్డాను. "వాళ్లను అడక్కుండా ఆ పరీక్ష చేయకూడదండి. చట్టం ఒప్పుకోదు. ఆ ట్యూబుల మీద ఎవరైనా చేయి వేస్తే, మొదటి ఫిర్యాదు నేనే రాస్తాను. నన్ను తీసేయాలంటే తీసేయండి."

ఆ మాట అంత తేలిగ్గా రాలేదు. పెన్షన్ లేని ఉద్యోగం నాది, ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది. మేనేజర్ ఎవరికో ఫోన్ చేశాడు. పది నిమిషాలకు తలుపు తోసుకుని మా ల్యాబ్ పెద్ద డాక్టరమ్మ వచ్చారు. రిపోర్టుల మీద సంతకాలు పెట్టేది ఆవిడే. మాటలు తక్కువ. ఆవిడంటే అందరికీ హడల్. కుర్చీ కూడా లాక్కోకుండా ఫారం చదివారు.

"ఫ్రిజ్‌లో శాంపిళ్లకు ఏ పరీక్ష రాసి ఉంటే అదే జరుగుతుంది. ఒక్కటి ఎక్కువ చేసినా నా సంతకం ఉండదు" అని మేనేజర్‌తో అన్నారు.

"కానీ మేడమ్, రేపు ఇంకో టెక్నీషియన్‌కి..."

"ఇంకో టెక్నీషియన్ తొమ్మిది మందినీ పాజిటివ్ అనుకునే రక్తం తీయాలి. అది కొత్త రూలేం కాదు." తర్వాత నా వైపు తిరిగారు. "సూదికి మూత పెట్టావా?"

"పెట్టానండి."

"ముప్పై ఏళ్ల సర్వీసు తర్వాత?"

"ముప్పై ఏళ్ల సర్వీసు వల్లేనండి."

ఆవిడ పెదవులు కాస్త కదిలాయి. నవ్వేమో తెలియదు. "వచ్చే నెల నుంచి కొత్త బ్యాచ్‌లకు మళ్లీ నువ్వే క్లాసు చెప్పు. రూలు తర్వాత చెబుదువు, ముందు నువ్వేం చేశావో చెప్పు" అన్నారు. శిక్షో, రక్షణో నాకప్పుడు అర్థం కాలేదు. మేనేజర్ ఆ గడిని ఖాళీగానే ఉంచి ఫారం ఫైల్లో పెట్టుకున్నాడు. తర్వాతి నెలల్లో అతను నాతో ముభావంగానే ఉన్నాడు కానీ, ఇళ్లకు వెళ్లే ప్రతి టెక్నీషియన్‌కూ నడుముకు తగిలించుకునే చిన్న సూదుల డబ్బా తెప్పించింది మాత్రం అతనే. ఇది కూడా చెప్పాలి.

మొదటిసారి కొత్త బ్యాచ్ ముందు నిలబడి, "నేను ఇలా చేశాను" అన్నప్పుడు గది నిశ్శబ్దమైపోయింది. ఎర్ర అక్షరాలూ రెండు గీతలూ ఎన్నడూ తేలేని నిశ్శబ్దం అది. ఒక అమ్మాయి చేయెత్తి, "అతను మీకు చెప్పకపోయి ఉంటే ఏం చేసేవారు మేడమ్?" అని అడిగింది. "ఏమీ చేసి ఉండేదాన్ని కాదు. అందుకే మీరు ఎవరూ చెప్పేదాకా ఆగకండి. గుచ్చుకున్న వెంటనే కడుక్కోండి, వెంటనే చెప్పండి, వెంటనే వెళ్లండి. సిగ్గుపడుతూ ఆరు ఇళ్లు తిరగకండి" అన్నాను.

ఆరు వారాల పరీక్ష నెగెటివ్ వచ్చింది. సగం ఊపిరి వదిలాను. అతనికి కబురు చేస్తే, "మూడు నెలలది గూడ కానియ్యుండ్రి మేడమ్, అప్పటిదాంక నాకు నమ్మకం లేదు. ఆ రోజు నేను దవాఖానకు వస్త" అన్నాడు. వద్దన్నాను. ఆఫీసు ఉంటుంది కదా అన్నాను. వినలేదు.

మూడు నెలల రోజున మా ఆయన కూడా బయలుదేరారు. అప్పటికీ ఆ అబ్బాయి ప్రస్తావన వస్తే ఆయన ముఖం ముడుచుకునేది. లెక్కల మాస్టారు కదా, తప్పు ఎవరిదో ఒకచోట రాసి గీత గీస్తే తప్ప ఆయనకు తృప్తి ఉండదు. నా తప్పు నాదేనని ఎన్నిసార్లు చెప్పినా, అందులో కొంత తీసి అతని ఖాతాలో వేసేవారు.

ఉదయం రక్తం ఇచ్చి లోపలి హాల్లోనే కూర్చున్నాను. మధ్యాహ్నం రిపోర్టు కోసం నన్ను కౌన్సెలర్ గదికి పిలిచారు. ఆయన బయట వరండాలో బెంచీ మీదే ఉండిపోయారు. కౌన్సెలర్ పిల్ల కాగితం నా వైపు తిప్పింది. అలాంటి కాగితాలు వేలకొద్దీ చూసినదాన్ని. నా పేరున్న వరుస కనుక్కోవడానికి కాస్త సేపు పట్టింది.

నెగెటివ్.

"ఇక రానక్కర్లేదండి" అందా పిల్ల. థాంక్స్ చెప్పాలని కూడా తోచక లేచి వచ్చేశాను.

వరండాలో బెంచీ మీద మా ఆయన కూర్చుని ఉన్నారు. ఆయన పక్కనే మాస్కు పెట్టుకుని ఆ అబ్బాయి. ఎప్పుడొచ్చాడో. ఒకరెవరో ఒకరికి తెలియదు. మా ఆయన దినపత్రికలో సగం అతనికిచ్చినట్టున్నారు. ఇద్దరూ చెరో సగం ముఖానికి అడ్డం పెట్టుకుని, ఒక్క అక్షరం చదవకుండా కూర్చున్నారు.

"నెగెటివ్ వచ్చింది" అన్నాను.

ఇద్దరూ ఒక్కసారే లేచారు.

లేచి, పక్కవాడు కూడా ఎందుకు లేచాడా అని ఒకరినొకరు చూసుకున్నారు. అబ్బాయి మాస్కు కిందికి లాక్కుని ఏడుస్తున్నాడు. దాచుకోవాలని కూడా చూడటం లేదు. మా ఆయన అతన్ని చూశారు, నన్ను చూశారు. నేను ఏమీ చెప్పలేదు. చెప్పే హక్కు నాకు లేదు.

"నేనే సార్" అన్నాడు అబ్బాయి.

మా ఆయన చేతిలో పేపరు మడత పెట్టారు. మళ్లీ విప్పి మళ్లీ మడత పెట్టారు.

"ఎప్పుడొచ్చావు?"

"పదకొండింటికే వచ్చిన సార్. లోపలికి రానీకి ధైర్యం చాల్లేదు. ఈడనే కూసున్న."

"పదకొండు నుంచి నా పక్కనే ఉన్నావా? ఏమైనా తిన్నావా మరి?"

"లేదు సార్. పోలేదు గొంతులకు."

"నాకూ పోలేదు" అన్నారాయన. తర్వాత అబ్బాయి భుజం మీద చేయి వేసి, గేటు బయట హోటల్ ఎటువైపో అడిగారు. వాళ్లిద్దరూ ముందు నడిచారు. మూడడుగులు వేశాక ఆయన వెనక్కి తిరిగి, "నువ్వు కూడా రావే, నీ కోసమే కదా ఇదంతా" అన్నారు.

ఇదంతా రాయొచ్చా అని అతన్ని అడిగాను. ఊరూ, చేసే పనీ మార్చమన్నాడు. మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే ఉంది.